వచ్చాడా, వచ్చిందా? భగవదజ్జుకాన్ని క్వియర్ చూపుతో మళ్లీ రంగం ఎక్కించడం ఎలా

ఏడో శతాబ్దం నాటిదని చెప్పుకునే సంస్కృత ప్రహసనం ఒకటుంది. అందులో ఒక సన్యాసి ప్రాణం, పాము కరిచి చనిపోయిన వసంతసేన అనే గణిక ఒంట్లోకి వెళ్తుంది. ఆ గణిక ప్రాణాన్ని యమదూత వెనక్కి తెచ్చి, ఒళ్లు ఖాళీగా లేకపోయేసరికి పక్కనే పడున్న సన్యాసి ఒంట్లో పెట్టేస్తాడు. మధ్యలో శిష్యుడు శాండిల్యుడు. ఇద్దరిలో ఎవరికి దణ్ణం పెట్టాలో, ఎవరికి దూరంగా నిలబడాలో వాడికి పాలుపోదు. నాటకం పేరు భగవదజ్జుకం. భగవాన్ అంటే ఆ పరివ్రాజకుడు. అజ్జుక అంటే సంస్కృత నాటకాల్లో గణికను ఆమె పరివారం పిలిచే పిలుపు. రెండూ అతికిస్తే పుట్టిన పేరు నపుంసక లింగం. వ్యాకరణం తెలిసినవాడు ఆ పేరు వినగానే పెదవి బిగబట్టి నవ్వి ఉంటాడు.

పాత హాస్య నాటకాన్ని క్వియర్ చూపుతో, అంటే ఆడ, మగ అనే మామూలు గీతల్లో ఇమడని మనుషుల వైపునుంచి, చెయ్యాలనుకునేవాళ్లు సాధారణంగా షేక్స్పియర్ దగ్గరికి పోతారు. మగవేషం వేసిన అమ్మాయి, ఆ వేషాన్ని ప్రేమించే ఇంకో అమ్మాయి, అన్నీ అక్కడ సిద్ధంగా ఉంటాయి. పోవద్దని కాదు. కానీ మన ఇంట్లోనే ఇంత సరుకు పెట్టుకుని పక్కింటికి గిన్నె పట్టుకెళ్లడం ఎందుకు? ఈ మార్గదర్శి భగవదజ్జుకాన్ని ఉదాహరణగా తీసుకుని నడుస్తుంది. వేరే నాటకం ఎంచుకున్నా దారి ఇంచుమించు ఇదే.

1. ముందు మూలం చదవండి, ఆలోచన తర్వాత

ఇది ఎవరు రాశారన్నది తేలలేదు. కొందరు బోధాయనుడంటారు, కొందరు మత్తవిలాస ప్రహసనం రాసిన పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మ అంటారు. తమిళనాడులోని మామండూరు శాసనంలో మత్తవిలాసంతో పాటు ఈ పేరూ కనిపించడం వల్ల వచ్చిన వాదన అది. మీ పనికి ఆ తగువు అక్కర్లేదు. కరపత్రంలో ఒక వాక్యం రాసి వదిలెయ్యండి.

మూలం మీద ఎవరికీ హక్కుల్లేవు. అనువాదాల మీద ఉంటాయి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ నడుస్తుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు దీన్ని తెలుగు చేశారు. ఆయన 1950లో పోయారు కాబట్టి ఆ గడువు దాటింది. కొత్త అనువాదం వాడుకుంటే మాత్రం రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నా సలహా వేరే: పాతది పక్కన పెట్టుకుని, సంస్కృతం వచ్చిన ఒకరిని కూర్చోబెట్టుకుని, మీ పాఠం మీరే రాసుకోండి. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

చదివేటప్పుడు రెండు రంగుల పెన్సిళ్లు దగ్గర పెట్టుకోండి. పాత్రలకు ఎదుటి మనిషిని ఏమని పిలవాలో తెలియని చోటల్లా ఒక రంగు గీత. నవ్వు వచ్చే చోటల్లా ఇంకో రంగు. పూర్తయ్యాక రెండు గీతలూ ఎక్కడెక్కడ కలిశాయో చూడండి. మీ ప్రదర్శన అక్కడ ఉంది. రెండు రంగులూ ఎక్కడా కలవకపోతే ఆ నాటకం ఈ పనికి పనికిరాదు, ఇంకోటి వెతుక్కోండి. బయటినుంచి తెచ్చి అతికించిన చూపు మూడో సీనుకల్లా ఊడి పడుతుంది.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. నా మొదటి ప్రతిలో సన్యాసి చేత ఒక పేజీన్నర ఉపన్యాసం చెప్పించాను, వెనక ఇంద్రధనుస్సు జెండా కూడా. చదివి వినిపిస్తే మా బృందంలోని ట్రాన్స్ నటి అడిగింది, "నాటకం ఎప్పుడు మళ్లీ మొదలవుతుంది?" అని. ఆ పేజీన్నర ఆ రాత్రే కొట్టేశాను.

2. నవ్వు ఎవరి మీద పడుతోందో తేల్చుకోండి

నాట్యశాస్త్రం ప్రహసనాన్ని శుద్ధం, సంకీర్ణం అని రెండు రకాలు చేసింది. సంకీర్ణంలో ఎవరెవరుంటారో చెబుతూ వేశ్యలు, చేటులు అనే సేవకులు, విటులు, ధూర్తులతో పాటు నపుంసకులనూ ఒకే వరసలో పెట్టింది. అంటే ఈ మనుషులు మన రంగస్థలం మీదికి కొత్తగా వచ్చినవాళ్లు కారు. వాళ్లకి ఇచ్చిన చోటే ఇరుకు. నవ్వడానికి పనికొచ్చే మనుషుల జాబితాలో చోటు అది.

కాబట్టి మీరు చెయ్యాల్సిన అసలు మార్పు కథలో లేదు, నవ్వు దిశలో ఉంది. ప్రతి హాస్యపు చోటునీ తీసుకుని, ఇక్కడ నవ్వులపాలయ్యేది ఎవరు అని అడగండి. ఒళ్లు మారిన మనిషా, ఆ మనిషిని చూసి కంగారు పడ్డవాళ్లా? మొదటిదైతే ఆ చోటు తిరగరాయాలి, లేదా నటనతో తిప్పాలి. రెండోదైతే ముట్టుకోవద్దు.

ఇలా లెక్క వేస్తే నాకు ఆశ్చర్యం కలిగింది. మూలంలో సగానికి పైగా నవ్వులు ఇప్పటికే కంగారు పడ్డవాళ్ల మీదే ఉన్నాయి. తిండి కోసం బౌద్ధ సంఘంలో చేరి, అక్కడ ఒంటిపూట భోజనం గిట్టక ఈ గురువు పంచన చేరిన శాండిల్యుడి మీద. పుస్తకం మరిచిపోయే వైద్యుడి మీద. ఒకే ఊళ్లో ఇద్దరు వసంతసేనలుంటే ఒకరి బదులు ఇంకొకరి ప్రాణం పట్టుకుపోయిన యమదూత మీద. ఆ కాలపు రచయిత మనకంటే తెలివిగా గురి పెట్టాడు. గురి తప్పించింది తర్వాత వచ్చిన ప్రదర్శనలే. గడ్డం ఉన్న మగవాడు నడుం తిప్పితే చాలు నవ్వొస్తుందనుకున్న ప్రదర్శనలు.

3. తెలుగు క్రియను పనిలో పెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ మెట్టు మీద పెట్టండి. మేము నెలన్నర పెట్టాం.

మూలంలో సన్యాసిది సంస్కృతం, గణికది ప్రాకృతం. ప్రాణాలు తారుమారయ్యాక భాష ఒంటితో ఉండిపోదు, ప్రాణంతో పోతుంది. గణిక నోటినుంచి సంస్కృతం, సన్యాసి నోటినుంచి ప్రాకృతం. అంటే మనిషి ఎవరన్నది ఒళ్లు చెప్పదు, మాట చెబుతుంది అని రచయిత తీర్పు ఇచ్చేశాడు. క్వియర్ చదువుకి ఇంతకంటే గట్టి పునాది మీరు కల్పించలేరు.

తెలుగులో దీనికి దగ్గరి జోడీ గ్రాంథికం, వాడుక భాష. సన్యాసికి గ్రాంథికం ఇవ్వండి, కానీ పౌరాణిక సినిమా గ్రాంథికం కాదు. అది వినగానే జనం పేరడీ అనుకుంటారు. పాఠం చెప్పే పంతులుగారి గ్రాంథికం కావాలి: నిదానంగా, తప్పు దొర్లకుండా, కొంచెం విసుగ్గా. వసంతసేనకి ఇచ్చే వాడుక భాష ఏ ప్రాంతానిదైనా సరే, ఆ నటికి సొంతమైనది కావాలి. ఒక ప్రాంతపు యాసను నవ్వు కోసం గణికకి తగిలించడం పాత జబ్బు. దానికి చోటివ్వకండి.

ఇప్పుడు క్రియ సంగతి. తెలుగులో "వచ్చాను" అన్నవాడు మగో ఆడో మాటలో తెలియదు. "వచ్చావు"లోనూ తెలియదు. పక్కవాడి గురించి మాట్లాడినప్పుడే "వచ్చాడు", "వచ్చింది" అని విడిపోతుంది. అంటే ఒళ్లు మారిన ఇద్దరూ తమ గురించి తాము మాట్లాడుకున్నంతసేపూ ఏ చిక్కూ లేదు. చిక్కంతా చుట్టూ ఉన్నవాళ్ల నోట్లోనే పుడుతుంది. పైగా "వచ్చింది" స్త్రీకే కాదు, పాముకీ చెట్టుకీ కూడా. "వచ్చారు" అంటే ఎవరికైనా సరిపోతుంది.

దీనితో శాండిల్యుడి పాత్రకి ఒక వెన్నెముక దొరుకుతుంది. మొదటి సీనులో గురువుగారు "వచ్చారు", తోటలోకి వసంతసేన "వచ్చింది". ఒకటి భయం, ఇంకొకటి అలవాటు. ప్రాణాలు మారాక వాడు ప్రతి వాక్యం చివర తడబడతాడు: "లేచాడు... లేచింది... అదే, లేవడం జరిగింది." ఈ తడబాటుని ప్రతిలో లెక్కపెట్టి రాయండి. మాది పదకొండుసార్లు ఉండేది, ఏడుకి తగ్గించాం. ఏడు దాటితే చిట్కా అయిపోతుంది.

ఇంకో కానుక ఉంది. రామిలకుడు, అంటే వసంతసేన ప్రియుడు, ఆమె ఒంటిని పట్టుకుని "ఎవరు నువ్వు?" అంటాడు. లోపలున్న సన్యాసి జవాబు: "నేను సన్యాసిని." తెలుగులో ఆ రెండు ముక్కలకి రెండు అర్థాలు. నేను సన్యాసి అయినవాణ్ణి అనీ, నేను ఆడ సన్యాసిని అనీ. ఈ మాట మూలంలో లేదు, తెలుగు మనకి ఉచితంగా ఇచ్చింది. నటికి ఒక్కటే చెప్పండి: కొట్టి పలకొద్దు, మామూలుగా అనెయ్. సగం హాలు వెంటనే నవ్వుతుంది, సగం రెండు క్షణాల తర్వాత. ఆ రెండో నవ్వు మేలైనది.

వైద్యుడి చోటు అనువాదానికి పరీక్ష. పాముకాటు వైద్యం చెప్పబోతూ అతను సర్పాల లెక్కలో పుంలింగం వాడాల్సిన చోట నపుంసక లింగం వాడతాడు. గణిక ఒంట్లోని సన్యాసి ఊరుకోలేక తప్పు దిద్దుతాడు. వైద్యుడు బెదిరి, ఈమెను వ్యాకరణ సర్పం కరిచినట్టుందంటాడు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో పెడితే ఎవరికీ అందదు. మేము ఇలా మార్చాం (మహద్వాచకమంటే మగవాళ్లకి వాడే మాట).

వైద్యుడు: "పాము కరిచాడు, విషం ఎక్కాడు."
గణిక: "కరచినది. ఎక్కినది. సర్పమునకు మహద్వాచకమెక్కడిది?"
వైద్యుడు: "అమ్మో! కరిచింది మామూలు పాము కాదండీ, వ్యాకరణం పాము!"

లింగం గురించిన హాస్యం లింగం గురించే మిగిలింది, నవ్వు మళ్లీ వైద్యుడి మీదే పడింది. మీ బృందంలో ఎవరైనా దీనికంటే మంచిది చెబితే మొహమాటపడకుండా అదే పెట్టుకోండి.

4. పాత్రలు ఎవరికి

నాట్యశాస్త్రం వేషం కట్టడాన్ని మూడు విధాలు చేసింది. స్త్రీ స్త్రీగా, పురుషుడు పురుషుడుగా కట్టేది అనురూపం. వయసు తలకిందులుగా, పిల్లలు ముసలివాళ్లుగా, ముసలివాళ్లు పిల్లలుగా కట్టేది విరూపం. పురుషుడు స్త్రీగా, స్త్రీ పురుషుడుగా కట్టేది రూపానురూపం. మూడోది తప్పని ఎక్కడా అనలేదు.

తెలుగువాళ్లకి ఇది కొత్త కాదు. సత్యభామగా స్థానం నరసింహారావు గారిని, కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిని చూసి మురిసిన నేల ఇది. అదే భామాకలాపంలో సూత్రధారుడు సత్యభామ దగ్గర మాధవి అవుతాడు, కృష్ణుడి దగ్గర మాధవుడు. వేషం మార్చడు, మాట మారుస్తాడు. చూసేవాళ్లు ఒక్కరూ అడ్డుపడరు. ఎవరైనా "ఇదంతా మన సంప్రదాయం కాదు" అంటే చెప్పడానికి ఈ ఒక్క మాధవి చాలు.

కానీ ఆ ఘనతను అడ్డం పెట్టుకుని ఒక తప్పు చెయ్యకండి. పురుషులు స్త్రీ వేషం కట్టిన రంగస్థలానికీ, ట్రాన్స్ మనుషులకి చోటిచ్చిన రంగస్థలానికీ చాలా తేడా ఉంది. మొదటిది మనకి పుష్కలం, రెండోది దాదాపు లేదు. అందుకని బృందాన్ని కట్టేటప్పుడే క్వియర్ నటుల్ని పిలవండి. పిలిచి ఒక్క క్వియర్ పాత్ర చేతిలో పెట్టకండి. మా ప్రదర్శనలో ట్రాన్స్ నటి వేసింది వసంతసేన తల్లి పాత్ర. ఒళ్లు మారే వేషం తనకొద్దని, ఊరంతా కేకలు పెట్టే తల్లి కావాలని తనే కోరుకుంది. ఎవరి బతుకు కథనీ పాత్రకి ముడిపెట్టి ప్రచారం చెయ్యకండి, వాళ్లే చెప్పుకోవాలనుకుంటే తప్ప.

సన్యాసికీ వసంతసేనకీ ఎవరిని తీసుకున్నా, ఇద్దరి ఎత్తూ గొంతూ బాగా వేరుగా ఉండాలి. పోలికలుంటే మార్పు కనపడదు. వైద్యుణ్ణీ యమదూతనీ ఒకే నటుడికి ఇస్తే బాగుంటుంది. ఇద్దరూ చేతిలో పుస్తకం చూసి మనుషుల్ని తేల్చేవాళ్లే. మీ ప్రతిలో ఇద్దరూ ఒకేసారి రంగం మీద లేకుండా మాత్రం చూసుకోండి.

5. ఒళ్లు మార్చుకోవడం సాధన చెయ్యండి

ఇద్దరు నటులూ ఒకరినొకరు అనుకరించడంతో మొదలుపెడితే వెక్కిరింత తయారవుతుంది. మేము ఇలా చేశాం.

మొదటి వారం ఇద్దరూ తమ తమ పాత్రలకే నడక, కూర్చునే తీరు, చేతులు పెట్టుకునే చోటు వెతుక్కున్నారు. రెండో వారం ఒకరు చేస్తుంటే ఇంకొకరు చూసి, మాటల్లో రాసుకున్నారు. "ఒయ్యారంగా నడుస్తుంది" లాంటి వాక్యం ఒప్పుకోలేదు. "కుడి మడమ ముందు ఆనుతుంది, తల తిప్పే ముందు కళ్లు తిరుగుతాయి" లాంటివే రాయాలి. మూడో వారం ఆ రాత చూసి చేశారు, మనిషిని చూసి కాదు. తేడా చాలా కనిపించింది. నాలుగో వారం ఒక మెలిక: లోపలికొచ్చిన ప్రాణం కొత్త ఒంటితో పడే ఇబ్బంది. సన్యాసికి ఆ నగల బరువు తెలియదు. వసంతసేనకి గుండు మీద గాలి కొత్త. ఈ ఇబ్బందిలో నవ్వూ ఉంది, నవ్వని చోటూ ఉంది. నటుల్ని రెండిటి దాకా వెళ్లనివ్వండి.

స్పర్శ సంగతి ముందే మాట్లాడుకోవాలి. చచ్చిపడున్న వసంతసేనను శాండిల్యుడు ముట్టుకుంటూ విలపించే చోటు పాతకాలంలో నవ్వు. ఇవాళ అది అలా చెల్లదు, చెల్లకూడదు కూడా. మేము వాడి చెయ్యి గాలిలోనే ఆపాం, మాటలు ఉంచాం. ప్రతి తాకే చోటునీ ఇద్దరు నటులూ ఒప్పుకుని, కొలిచి, ప్రతిలో రాసుకోవాలి. ఏ రోజైనా ఒకరు వద్దంటే వాడుకునే ప్రత్యామ్నాయం కూడా రాసి ఉంచండి.

6. అసలు సీను

వసంతసేన ప్రాణం సన్యాసి ఒంట్లో లేచి, మొదట తన రామిలకుడి కోసమే చూస్తుంది. కౌగలించుకోమంటుంది. రామిలకుడికి కనపడేది కాషాయం కట్టిన మగవాడు. ఈ చోట చాలా ప్రదర్శనల్లో రామిలకుడు గెంతి పారిపోతాడు, హాలు ఘొల్లుమంటుంది. మీ ప్రదర్శన మొత్తం విలువ ఈ క్షణంలో తేలుతుంది.

మేము దీన్ని నాలుగు రకాలుగా వేసి చూశాం. పారిపోతే పాత వెక్కిరింతే. వెంటనే కౌగలించుకుంటే నీతి పాఠంలా ఉంది, పైగా నమ్మేట్టు లేదు. విషాదంగా వేస్తే ప్రహసనం చచ్చిపోయింది. చివరికి పని చేసింది ఇది. అంతకుముందు, తోట సీనులో, వసంతసేన చెలికత్తెలతో రామిలకుడి గురించి మాట్లాడేటప్పుడు ఒక ఊతపదం పెట్టాం: "ఆలస్యం నీ ఇంటిపేరా?" ఇప్పుడు సన్యాసి నోటినుంచి అదే మాట, అదే తీరులో వస్తుంది. రామిలకుడు పారిపోవడానికి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోతుంది. అంతే. మూడు లెక్కపెట్టేంత సేపు నిశ్శబ్దం. తర్వాత ఆ కాలు ఎటు దించాలో తెలియక కుంటుతూ నిలబడతాడు. ఆ కుంటు చూసి జనం నవ్వుతారు, కానీ ఆ మూడు లెక్కల్లో అతనికి తెలిసిపోయిందని అందరికీ తెలుసు.

మూడు లెక్కల కంటే ఎక్కువ ఆగకండి. హాస్య నాటకంలో నిశ్శబ్దం ఉప్పులాంటిది.

యమదూత సీను వేగంగా పోవాలి. పేరు ఒకటే, మనిషి వేరు; దస్త్రంలో ఉన్నది ఒకటి, ఎదురుగా ఉన్నది ఒకటి. ఇక్కడ ఒక్క చిన్న చేర్పుకి వీలుంది. తమ లింగాన్ని తామే చెప్పుకునే హక్కును 2014లో సుప్రీంకోర్టు గుర్తించింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ చట్టం గుర్తింపు పత్రానికి జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరికి పొమ్మంది. మా యమదూత "ధ్రువీకరణ ఏదీ?" అని ఒక్కసారి అడుగుతాడు. తెలిసినవాళ్లు ఉలిక్కిపడి నవ్వుతారు, తెలియనివాళ్లకి అది మామూలు గుమాస్తా మాట. ఇంకో వాక్యం చేర్చారా, మళ్లీ ఉపన్యాసమే.

7. ముగింపును ఏం చెయ్యాలి

ప్రాణాలు ఎవరి ఒంట్లోకి వాళ్లవి తిరిగి వెళ్లడంతో నాటకం సర్దుకుంటుంది. క్వియర్ చూపుతో చేసేవాళ్లకి ఇక్కడే చెయ్యి దురద పుడుతుంది: తిరిగి వెళ్లకుండా ఆపేద్దామా? నేను వద్దంటాను. ఈ ఇద్దరికీ ఇతరులు అంటగట్టిన ఒంట్లో ఇరుక్కోవడం కష్టంగానే ఉంది. తమ ఒంట్లోకి తాము చేరడం వాళ్లకి విడుదల. ఒంటికీ మనసుకీ పొత్తు కుదరని బాధ తెలిసిన ప్రేక్షకులకి ఆ విడుదలలో వేరే అర్థం వినిపిస్తుంది. దాన్ని వాళ్లకి వదిలెయ్యండి.

మార్చాల్సింది మిగతావాళ్లని. సన్యాసి తిరిగొచ్చాక పైపంచ సర్దుకోబోయి, కళ్లు ముందు తిప్పి తర్వాత తల తిప్పుతాడు. వసంతసేన వెళ్తూ శాండిల్యుడి వాక్యంలో ఒక తప్పు దిద్దుతుంది. శాండిల్యుడు ఇద్దరూ వెళ్లిన వైపు చూసి, ఎవరో అడిగినట్టు చెబుతాడు: "వెళ్లారు." ఇద్దరికీ కలిపి ఒకే మాట, ఈసారి తడబాటు లేదు. బహువచనమా, మర్యాదా అని ఎవరైనా అడిగితే రెండూ అని చెప్పండి.

8. మిగతావి, క్లుప్తంగా

కేరళ సంస్కృత నాటక సంప్రదాయమైన కూడియాట్టంలో ఈ నాటకం ఉంది. అక్కడ ఒక్కో భాగం రోజుల తరబడి సాగుతుంది, స్త్రీ పాత్రలు ఎక్కువగా స్త్రీలే వేస్తారు. వీలైతే చూడండి, అనుకరించకండి. మీది డెబ్బై, ఎనభై నిమిషాలు దాటకపోతే మంచిది, విరామం లేకుండా.

దుస్తుల్లో ఒక్క నియమం: ప్రాణం మారినప్పుడు బట్ట మారకూడదు, రంగు దీపం మారకూడదు. మార్పంతా గొంతులోనూ నడకలోనూ తెలియాలి. తెలియకపోతే ఐదో మెట్టుకి తిరిగి వెళ్లండి. పాటకి ఒక మృదంగం, ఒక గొంతు చాలు.

మొదటి ప్రదర్శనకి ముందు ఇరవై ముప్పై మందిని పిలిచి వేసి చూపించండి. వాళ్లలో క్వియర్ ప్రేక్షకులు కనీసం సగం ఉండాలి. చివర అభిప్రాయాలు అడగడం కంటే, ఒకరిని మూల కూర్చోబెట్టి నవ్వు వచ్చిన ప్రతి చోటునీ ప్రతిలో గుర్తు పెట్టించండి: అందరూ నవ్వారా, సగమేనా, ఆ సగం ఎవరు. మాకు తల్లి పాత్ర రంగం మీదికి వచ్చిన మొదటి క్షణంలోనే, ఇంకా మాట్లాడకముందే, వెనక వరసల్లో ఒక నవ్వు వచ్చింది. అది పాత్ర మీద కాదు, నటి మీద. మర్నాడు ఆ ప్రవేశాన్ని మార్చాం. తల్లి ఇప్పుడు వెనక హాలు తలుపులోంచి, ఆ వరసల పక్కనుంచే, కూతుర్ని పిలుస్తూ పరుగున వస్తుంది. ఆ కేక అంత దగ్గరగా చెవిన పడ్డాక వెనక వరసలో నవ్వడానికి ఎవరికీ తీరిక చిక్కలేదు.